పిస్టన్ పిన్ను కనెక్టింగ్ రాడ్డులోకి దిగట్లేదు, సుత్తితో కొట్టొచ్చా?

ట్రాక్టర్ ఇంజన్ విప్పాను, కొత్త పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపే ఇరుసు) రాడ్డు బుష్షు (రాడ్డు బొక్కలో పిన్ను తిరిగే లోహపు గొట్టం) దగ్గర ఆగిపోతోంది, కొట్టి దించొచ్చా అని అడిగారు. వద్దండి బాబూ. రబ్బరు సుత్తి కూడా వద్దు. ఒక కుర్రాడు కొట్టిన నాలుగు దెబ్బలకి మేం ఆకుమడి ఎండబెట్టుకున్నాం.

మాది పాలకొల్లు దగ్గర. కాలువ పక్కనే ఎకరంన్నర మెరక చేను, నీళ్ళు వాటంతటవి ఎక్కవు, ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజనుతో తోడుకోవాల్సిందే. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు కదా, ఆ ఖాళీలో నాన్న ఇంజన్ పని పెట్టారు. పిస్టను, లైనరు, రింగులు, పిన్ను, బుష్షు అన్నీ కొత్తవే. (ఒరిజినల్ అని స్టిక్కరేసి ఏం అంటగడుతున్నారో ఆ దేవుడికే తెలియాలి, అదింకో గొడవ.) మా పాత మేస్త్రి గారు దొరక్క కుర్రాణ్ణి పిలిచాం. వాడు బుష్షుని వైస్‌లో బిగించి రాడ్డులోకి నొక్కేశాడు, రీమరు (బొక్కని సన్నగా గీకి సైజుకి తెచ్చే పనిముట్టు) ఊసే లేదు. పిన్ను పోనంటే బోల్టు ఆనించి టంగు టంగుమని వేశాడు. దిగింది. రాడ్డు పట్టుకుని ఊపితే పిస్టను ఊగాలా, అది కర్రలా బిగుసుకుని ఉంది. "రన్నింగులో ఫ్రీ అయిపోద్దండి" అన్నాడు. ఈ మాట అన్నవాణ్ణి టూల్ బాక్సుతో సహా గుమ్మం దాటించేయండి, అంతే.

జూన్‌లో నీళ్ళొదిలారు, ఇంజన్ మూడు రోజులు ఆడింది, మూడో రాత్రి టక్కుటక్కుమని పట్టేసింది. విప్పితే పిన్ను నీలంగా కమిలిపోయింది, పిస్టను పక్కలంతా గీతలు.

ఇక కాళ్ళావేళ్ళా పడి మేస్త్రి గారినే తెచ్చుకున్నాం. ఆయన ఇంకో బుష్షు లేత్ షాపులో ఎక్కించి, దాని బొక్క రాడ్డు ఆయిల్ బొక్కకి ఎదురుగా ఉందా లేదా అని సన్న తీగ దూర్చి చూశారు, తర్వాత రీమరు కొట్టించారు. ఎక్కించేటప్పుడు బుష్షు నొక్కుకుని లోపల సైజు తగ్గిపోద్దండి, రీమరు అందుకే. పిన్నుకి ఆయిల్ రాసి బొటనవేలితో నెడితే మెల్లగా జారాలి, వదిలేస్తే టపుక్కున పడిపోకూడదు.

అప్పుడు మా అమ్మని గిన్నెడు నీళ్ళు మరగబెట్టమన్నారు, నన్ను రొయ్యలు పట్టుబడి చేస్తున్న చెరువు దగ్గరికి ఐసు తెమ్మని పంపారు. (ఊళ్ళో వరి చేలకంటే చెరువులే ఎక్కువైపోయాయి, ఐసుకి మాత్రం కరువు లేదు.) పిస్టను వేన్నీళ్ళలో, పిన్ను ఐసులో. పది నిమిషాలాగి గుడ్డతో పిస్టను తీసి, పిన్ను తుడిచి ఆయిల్ రాసి తోస్తే వెన్నలో వేలు పెట్టినట్టు వెళ్ళిపోయింది. పిస్టను అల్యూమినియం, అది పిన్ను ఇనుము కంటే బాగా సాగుద్ది మరి, 25 మిల్లీమీటర్ల బొక్క 70 డిగ్రీలు వేడెక్కితే 0.035 మిల్లీమీటరు దాకా పెరుగుద్ది. పిన్నుకి ఆ సందు చాలు.

మొదటిసారి బుష్షు ఆయిల్ బొక్క సగం మూసుకుపోయింది, ఆయిలందక పిన్ను కాలింది దానివల్లే అని మేస్త్రి గారంటారు. అయ్యుండొచ్చు, నేను మాత్రం సుత్తే అంటాను.

కొన్ని కార్లకి రాడ్డులో బుష్షు ఉండదు, పిన్ను రాడ్డులోనే బిగుతుగా కూర్చుని పిస్టనులో తిరుగుద్ది. దానికి రాడ్డు చివర బాగా కాల్చాలి, ఒక్కసారిగా సరైన చోట పెట్టేయాలి, ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద ప్రయోగాలు చేయకండి. మీ ట్రాక్టరుకి బుష్షు ఉందన్నారు కాబట్టి ఆ బాధ లేదు. సర్‌క్లిప్పులు (పిన్ను పక్కకి జారకుండా ఆపే తెగిన రింగులు) కొత్తవే వేయండి, నోరు పైకో కిందకో ఉంచండి, పక్కకొద్దు.

ముందు ఆ రాడ్డుని రీమరుకి తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు బుష్షు బొక్క ఫోటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.