పుట్టీ కింద ఏముందో ముందు చూడండి

ప్రశ్న: నాన్నగారి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు చాలా ఏళ్లుగా షెడ్డులో పడి ఉందండి. ఇంజన్ బానే తిరుగుతోంది. బాడీ మీద మాత్రం అక్కడక్కడా పెయింట్ పొంగింది. గీకేసి, ప్రైమర్ కొట్టి, రంగు వేసేద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: రంగు డబ్బా ఇంకా కొనకపోయి ఉంటే, ఇప్పుడే కొనకండి. పెయింట్ పొంగిందంటే చాలాసార్లు తుప్పు రేకు వెనక మొదలై ఇప్పుడు బయటికి వచ్చిందన్నమాట. ఇనుము తుప్పుగా మారితే మొదటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పెయింట్‌ని ఎత్తేస్తుంది, రెండు రేకులు కలిసే అతుకుల్లో అయితే ఆ రేకుల్నే విడదీసేస్తుంది. పైన గోరంత బుడగ ఉంటే వెనక అరచేయంత గుల్ల ఉండొచ్చు.

మొదటి రెండు రోజులూ కడగడానికి, తట్టి చూడడానికే పెట్టుకోండి. కింద మట్టి మొత్తం పోయేదాకా నీళ్లు కొట్టి, ఆరనిచ్చి, ఒక అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలేసిన చోట కింద దళసరి పుట్టీ, అంటే గుంటలు పూడ్చే పేస్టు, ఉన్నట్టే. నేను మొదట కొన్న బండిలో వెనక వీల్ ఆర్చ్ (చక్రం పైన ఉండే వంపు) దగ్గర అయస్కాంతం జారి కింద పడింది. గ్రైండర్ పెడితే పుట్టీ, దాని కింద వైరు మెష్, దాని వెనక ఉండచుట్టి కుక్కిన న్యూస్‌పేపరు, అది కూడా తడిగా! పైన పెయింట్ మాత్రం అద్దంలా మెరుస్తుండేది.

బాడీ కంటే ముఖ్యం ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రం. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పొండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, పెయింట్ పాడవుతుందని మొహమాటపడొద్దు. వెనక యాక్సిల్ మీదుగా ఛాసిస్ వంపు తిరిగే చోటు, చివరి అడ్డపట్టీ, కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్లు, బాడీ కూర్చునే మౌంట్లు, ఇవన్నీ మట్టి చేరే మూలలు. పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ అయితే లోపల చేరిన బురద తడిని పట్టి ఉంచి లోపల్నుంచే తినేస్తుంది, బయట చూస్తే ఏమీ తెలీదు. స్క్రూడ్రైవర్ దిగిపోయింది కమాన్ బ్రాకెట్ దగ్గరో, స్టీరింగ్ బాక్స్ బిగించే చోటో, సీట్ బెల్టు బోల్టు దగ్గరో అయితే ఆ ఒక్క పనీ చేయి తిరిగిన వెల్డర్‌కి అప్పగించండి. మిగతాది ఇంట్లో చేసుకోవచ్చు.

ఇంకో మాట, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారు కాబట్టి: జాకీ బండిని లేపడానికే. కిందకి దూరాలంటే గట్టి నేల మీద స్టాండ్లు వేసి, బండిని ఒకసారి ఊపి చూసి, అప్పుడు దూరండి.

ప్రశ్న: తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పూస్తే నల్లగా మారిపోయింది. ఇక గీకక్కర్లేదు కదా?

జవాబు: గీకాలి, అదీ పూయకముందు. వీటిలో చాలావాటిలో ఉండేది టానిక్ ఆమ్లమో, ఫాస్ఫారిక్ ఆమ్లమో. తాకినంత మేర తుప్పుని అంత తొందరగా మార్పు చెందని పదార్థంగా మారుస్తుంది, అంతే. పెచ్చులు పెచ్చులుగా ఉన్న తుప్పు మీద పూస్తే పై పెచ్చు నల్లబడుతుంది, కింద పెచ్చు హాయిగా తన పని తాను చేసుకుంటుంది. వైర్ బ్రష్‌తో, గ్రైండర్‌తో గట్టి ఇనుము తగిలేదాకా తీసేశాక కూడా గుంటల్లో చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు మిగిలిపోతాయి చూడండి, కన్వర్టర్ వాటి కోసం. దాని మీద ఎపాక్సీ ప్రైమర్ (రెండు డబ్బాలవి కలిపి వాడే గట్టి రకం) వేసేముందు డబ్బా మీద ఒకసారి చదవండి, ఆమ్లం మిగిలి ఉన్న ఇనుముని కొన్ని ప్రైమర్లు సరిగ్గా పట్టుకోవు. మామూలు ప్రైమర్ కొట్టి నెలల తరబడి వదిలేసేవాళ్లూ ఉన్నారు, అది తేమని పీల్చుకుంటుందండీ, రంగు పడేదాకా అది రక్షణే కాదు. అలాగే మెరిసేలా గీకిన రేకుని చెమట చేత్తో ముట్టుకుంటే రెండో రోజుకి వేలిముద్రలు తుప్పు రంగులో తేలతాయి. గీకిన రోజే తుడిచి ప్రైమర్ కొట్టేయండి.

ప్రశ్న: తలుపు కీళ్లు, బ్రాకెట్లలాంటి చిన్న సామాన్లకి బ్యాటరీ ఛార్జర్‌తో తుప్పు తీయొచ్చట, నిజమేనా?

జవాబు: నిజమే, నాకు చాలా ఇష్టమైన పని కూడా. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, నాలుగు లీటర్లకి ఒక పెద్ద చెంచా చొప్పున వాషింగ్ సోడా. ఛార్జర్ నెగెటివ్ క్లిప్పు మీ బ్రాకెట్‌కి, పాజిటివ్ ఒక పనికిరాని ఇనుప ముక్కకి. రెండూ ఆ నీళ్లలోనే ఉండాలి, కానీ ఒకదానికొకటి తగలకూడదు. తారుమారు చేశారో, కరిగేది మీ బ్రాకెట్టే. పనికిరాని ముక్క కదా అని స్టెయిన్‌లెస్ స్టీల్ వాడొద్దు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తుంటాయి కాబట్టి గాలి ఆడే చోట పెట్టండి, క్లిప్పు తీసేముందు ఛార్జర్ ఆపండి. అల్యూమినియం సామాను అందులో వేయకండి, పాడైపోతుంది. హై టెన్సైల్ బోల్టులు (ఎక్కువ లాగుడు తట్టుకునే గట్టి ఉక్కువి), స్ప్రింగులు కూడా వద్దు, హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కుతాయి. ఆ బోల్టులు కొత్తవే వేయండి. కొత్తరకం స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు బ్యాటరీ కనబడందే పనిచేయవు, పాతరకం ఛార్జర్ ఎవరి అటక మీదైనా ఉందేమో అడగండి.

ప్రశ్న: మిగ్ వెల్డింగ్ సెట్ కొన్నాను. కాళ్ల దగ్గర ఫ్లోర్‌కి చిల్లు. పైన రేకు పెట్టి చుట్టూ వెల్డ్ చేసేస్తే సరిపోతుందా?

జవాబు: తుప్పు మీద మూత పెట్టినట్టు అవుతుంది. రెండు రేకుల మధ్య నీరు చేరి, ఈసారి మీ కొత్త రేకునీ కలిపి తింటుంది. చిల్లు చుట్టూ మంచి ఇనుము మెరిసేదాకా కోసేయండి, చిల్లు మూడింతలు పెద్దదైతే కానివ్వండి, గుండె రాయి చేసుకోండి. అట్టముక్కతో నమూనా కత్తిరించి, దాన్నిబట్టి రేకు కోసి, మూలలు గుండ్రంగా చేయండి. బాడీ రేకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి వెల్డింగ్ సెట్ లోంచి వచ్చి కరిగే వైరు 0.6 మిల్లీమీటర్లదైతే సులువు. గీత గీసినట్టు ఆపకుండా లాగారంటే రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, వేడి తగ్గాక మధ్యలో ఇంకొకటి. తలుపు కింది గుమ్మం కూడా కోయాల్సి వస్తే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఒక ఇనుప కడ్డీ వెల్డ్ చేసుకోండి, లేదంటే పని అయ్యాక తలుపు మూసుకోదు, ఇది నేను అనుభవించి చెప్తున్నా.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. పెట్రోల్ ట్యాంకు, గొట్టాలు, సీట్లు, మ్యాట్లు దూరంగా పెట్టాలి. ట్యాంకుని ఖాళీ చేశాం కదా అని ఇంట్లో వెల్డ్ చేయడం ఎప్పటికీ కూడదు, పేలేది లోపల మిగిలిన ఆవిరి. ఇంకొకటి చాలామందికి తెలీదు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకుని వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. డబ్బా మీద పదార్థాల పేర్లలో ‘క్లోరో’ అని కనబడితే దాన్ని వెల్డింగ్ దరిదాపులకి తేకండి. పని ఆపాక కూడా అరగంటైనా అక్కడే ఉండండి, మ్యాట్ కింద రవ్వ నిదానంగా రాజుకుంటుంది.

ప్రశ్న: మాది పాత ల్యాండ్ రోవర్. అల్యూమినియం బాడీకి తుప్పు పట్టదంటారు, మరి అంచుల్లో ఈ తెల్లపొడి ఏంటి?

జవాబు: అదీ తుప్పులాంటిదే. 1948లో ఆ బండి వచ్చినప్పుడు, యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకి కొరత కాబట్టి బాడీకి అల్యూమినియం వాడారు, ఛాసిస్ మాత్రం ఉక్కే. రెండు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తింటుంది దెబ్బ. పొడి గీకేసి, అవి కలిసే చోట రెండువైపులా పెయింట్ వేసి, మధ్యలో సీలెంట్, బోల్టులకి నైలాన్ వాషర్లు పెట్టండి.

ప్రశ్న: అంతా అయిపోయాక ఛాసిస్ లోపల ఏం చేయాలి?

జవాబు: ముందు నీళ్లు పోయే రంధ్రాలన్నీ ఒక వైరు ముక్కతో పొడిచి తెరవండి, తలుపుల అడుగునవి కూడా. లోపల పూర్తిగా ఆరాక, పొడవాటి సన్న గొట్టం ఉన్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్స్ (మూసి ఉన్న గుల్లల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) లోపలి గోడలన్నిటికీ తగిలేలా కొట్టండి. వెల్డింగ్ అంతా ముగిశాకే సుమా, వ్యాక్స్ మండుతుంది. రెండు మూడు రోజులు రంధ్రాల్లోంచి కారుతూనే ఉంటుంది, భయపడకండి, కింద అట్టపెట్టెలు పరిచి వదిలేయండి. కారడం ఆగాక రంధ్రాలు మళ్లీ మూసుకుపోయాయేమో అదే వైరుతో ఒకసారి పొడిచి చూడండి.