నాన్నకు షుగర్ ఉంటే ఒకే హెల్త్ పాలసీలో కలపాలా?

అన్నా, హన్మకొండలో ఏజెంట్ మీ నలుగురికీ, 62 ఏళ్ల బాపుకూ కలిపి 25 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునే హెల్త్ పాలసీ) తీసుకొమ్మన్నాడు, బాపు షుగర్ సంగతి రాయొద్దన్నాడు అని అడిగావు కదా. ముందు ఆ రెండో మాట అస్సలు వినకు. షుగర్ దాస్తే రేపు క్లెయిమ్ కొట్టేస్తారు, రాస్తే ప్రీమియం పెరగొచ్చు, కానీ మూడేళ్లకు మించి వెయిటింగ్ (ముందు నుంచి ఉన్న జబ్బుకు డబ్బు ఇవ్వని గడువు) పెట్టడానికి ఇప్పుడు రూల్ ఒప్పుకోదు.

ఫ్లోటర్‌లో ప్రీమియం మామూలుగా ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల వయసును బట్టి లెక్క కడతారు, అంటే బాపు వల్ల మీ పిల్లలకు కూడా ఎక్కువ కడుతున్నట్టే. ఆయనకు విడిగా తీసుకో. మీకు 5 లక్షల బేస్ (అసలు పాలసీ), దానిపైన 20 లక్షల సూపర్ టాప్-అప్ (ఏడాది ఖర్చు 5 లక్షలు దాటాక పైది ఇచ్చే పాలసీ) రేటు అడిగి చూడు, చాలాసార్లు తక్కువలో పోతుంది.

రూమ్ రెంట్ లిమిట్ తప్పక చదువు. లిమిట్ రోజుకు 4 వేలుండి నువ్వు 8 వేల రూమ్‌లో చేరితే తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీలు కూడా సగానికి కోస్తారు, మందుల బిల్లు మాత్రం అట్లా కోయరు. నెట్‌వర్క్ లిస్టులో (చేతి డబ్బు కట్టకుండా చేరగలిగే ఆసుపత్రుల జాబితా) వరంగల్, హన్మకొండ ఆసుపత్రులు ఎన్నున్నాయో చూసుకో, హైదరాబాద్‌వి వంద ఉంటే అర్ధరాత్రి మనకేం లాభం?

రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు ఉంది, అది మర్చిపోకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇట్లాంటి సొంత పాలసీల మీద జీఎస్టీ లేదు, ఏజెంట్ కొటేషన్‌లో 18 శాతం కలిపితే అక్కడే అడుగు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వాపసు ఇచ్చెయ్యొచ్చు.