పాత ఫోర్డ్ రేంజర్‌కి వెనక యాక్సిల్ ఏది పెట్టాలి?

1998 రేంజర్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి వెనక యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) పోయింది, ఫోర్డ్ వాళ్లదే ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీది సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోతుంది, నేనైతే అదే పెడతాను, కానీ కొనేముందు డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ చూసి మీ గేర్ రేషియో, అంటే చక్రం ఒకసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు ఎన్నిసార్లు తిరుగుతుందో, ఎంతో తెలుసుకోండి. ముందు యాక్సిల్‌దీ వెనకదీ రేషియో ఒకటే ఉండాలి, తేడా ఉంటే తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయగానే గేర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) పాడవుతుంది. ఈ ఒక్కటీ తప్పితే మిగతావన్నీ సర్దుకోవచ్చు.

చాలా రేంజర్లలో ఉండేది 7.5 అంగుళాల రింగ్ గేర్ (యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద పళ్ల చక్రం), 28 స్ప్లైన్ల (షాఫ్టు చివర ఉండే పళ్లు) షాఫ్టులు. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్లలో 8.8 అంగుళాలది, 31 స్ప్లైన్లు, పైగా డిస్క్ బ్రేకులు, బరువు లాగేవాళ్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. చక్రం బోల్టులు ఐదూ అదే కొలతలో ఉంటాయి. అసలు పని కమాన్ల దగ్గర: ఎక్స్‌ప్లోరర్‌లో అవి యాక్సిల్ కింద ఉంటాయి, మీ బండిలో పైన, అందుకని ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ మీద కమాన్లు ఆనే పాత సీట్లు కోసి కొత్తవి వెల్డింగ్ చేయించాలి. దయచేసి ఆ వెల్డింగ్ అనుభవమున్నవాళ్ల చేతే చేయించండి. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండు) మూత బోల్టుకున్న రేకు మీద 3ఎల్73 అని ఉంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందేలా చేసేది), రేషియో 3.73, మీకు సరిపడేదైతే వదలకండి.