ఆరోగ్యశ్రీ పది లక్షలైంది కదా, పాలసీ మానేయొచ్చా?

ప్రశ్న: మాది వరంగల్. వయసు 41, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. రేషన్ కార్డు ఉంది. నాకు, నా భార్యకు, పాపకు, అమ్మకు (66) కలిపి నాలుగేళ్లుగా 5 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునే) పాలసీ కడుతున్నాను. ఈసారి ప్రీమియం 46,000 అన్నారు. నాకు షుగర్ ఉంది. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ఆపేయొచ్చా?

జవాబు: ఆపొద్దండి. ఆరోగ్యశ్రీ పనికొచ్చిన చోట నిస్సంకోచంగా వాడుకోండి. కానీ దాని వెనక ఉన్నది రాష్ట్ర ఖజానా. ఆస్పత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర మీ వివరాలు ఎక్కిస్తారు, ఆరోగ్యశ్రీ ట్రస్టు అనుమతిస్తుంది, ఆస్పత్రి ముందు వైద్యం చేసి తర్వాత బిల్లు పెడుతుంది. ఆ బిల్లు పాసవడం వేరు, డబ్బు పడటం వేరు. జీతాలు, పింఛన్లు, అప్పుల మీద వడ్డీ ఆగడానికి లేదు. సర్దుబాటు చేయాల్సి వస్తే పక్కన పడేది ఇలాంటి బిల్లులే. 2023 డిసెంబరులో పరిమితిని 5 నుంచి 10 లక్షలకు పెంచారు, 2024లో ప్యాకేజీ రేట్లూ (ఒక్కో చికిత్సకు ఆస్పత్రికి ఇచ్చే మొత్తాలు) పెంచారు, అంటే బిల్లులూ పెరుగుతాయి. రోగాలు బడ్జెట్ చూసుకుని రావు కదా! బకాయిలు పేరుకుని 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులు సేవలు నిలిపేశాయి. మరుసటి నెల ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే తంతు.

మీ విషయంలో అసలు నష్టం ఇంకోటి. షుగర్‌కు వెయిటింగ్ (ముందే ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) ఈపాటికి పూర్తయింది. ఇప్పుడు ఆపి మళ్లీ తీసుకుంటే మూడేళ్ల దాకా కొత్తగా ఆగాలి, ప్రీమియం కూడా ఎక్కువ వేయొచ్చు. పైగా ఇంకొక్క ఏడాది కడితే ఐదేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ‘జబ్బు దాచారు’ అంటూ క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు, మోసం అని రుజువైతే తప్ప.

భారం తగ్గించే దారి అమ్మగారి పేరు దగ్గర ఉంది. ఫ్లోటర్‌లో ప్రీమియం లెక్క చాలా కంపెనీలు అందరిలో పెద్ద వయసు మీద కడతాయి, అలాగైతే మీ ముగ్గురికీ 66 ఏళ్ల రేటు పడుతున్నట్టే. ఆమెకు అదే కంపెనీలో విడి పాలసీ తీసుకుంటే రెండూ కలిపి ఎంతవుతుందో కొటేషన్ అడగండి. పాత పాలసీలో గడిచిన వెయిటింగ్ కాలం కొత్తదానికి కలుస్తుందని మెయిల్‌లో రాయించుకోండి, ఏజెంటు నోటి మాట చాలదు. రెన్యువల్ నోటీసులో జీఎస్‌టీ వేశారేమో కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద అది సున్నా. రెన్యువల్ గడువు దగ్గర పడి ఉంటే మాత్రం ఈ ఏడు ఉన్నదున్నట్టు కట్టేసి, విడగొట్టే పని వచ్చే ఏడు గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి.