డిగ్రీ చదివే తమ్ముడికి ఇవన్నీ ఎట్టా చెప్పాలి అని అడిగిన అక్కకి

మీ తమ్ముడు ఫోన్లో అన్నీ చూస్తాడు గానీ కండోమ్, గర్భం రాకుండా జాగ్రత్తల గురించి ఏమీ తెలీదు, ఎందుకిట్టా అని అడిగారు. నేను కావలిలో మెడికల్ షాపులో పదకొండేళ్లుగా ఉన్నానండి, చుట్టూ కాలేజీలే, నేను చూసింది చెప్తా.

కండోమ్ అంటే ఏందో తెలీని పిల్లోడు నాకైతే కనపళ్లా, అడగలేకపోవడమే అసలు బాధ. రాత్రి షట్టర్ సగం దించే టైంకి వస్తారు, ముందు ఒక డోలో షీటు అడుగుతారు, పక్కన ఎవరన్నా ఉంటే వాళ్లు పోయేదాకా ఆ షీటు గోటితో గీకుతా నిలబడతారు, అప్పుడు ఫోన్ నా వైపు తిప్పి ఫోటో చూపిస్తారు. ఆ ఫోటో ఎక్కువసార్లు కండోమ్‌ది కాదు, 72 గంటల బిళ్లది, అంటే కలిసిన తర్వాత గర్భం రాకుండా అమ్మాయి వేసుకునేది. ముందే కొంటే తప్పు చెయ్యబోతున్నట్టు, తర్వాత కొంటే దిద్దుకుంటున్నట్టు వాళ్ల లెక్క.

ఒకబ్బాయి ఆ బిళ్ల తీసుకెళ్లి మూడు వారాలకి మళ్లీ వచ్చాడు, డేట్ రాలేదన్నా అని. కదిలిస్తే తెలిసింది, ఒకటేస్తే ఆ నెలంతా భయం లేదు అనుకున్నారంట ఇద్దరూ. అది జరిగిపోయినదానికే, అదీ ఎంత తొందరగా వేస్తే అంత మంచిది, తర్వాత రోజులకి పనిచెయ్యదు, డేట్ కూడా అటూఇటూ అవుద్ది, జబ్బుల్నైతే అసలు ఆపదు. గర్భం ఉందో లేదో చూసే కిట్ ఇచ్చి పొద్దున్నే మొదటి యూరిన్‌తో చూసుకోమన్నా. రెండ్రోజులకి వచ్చి ఏమీ లేదన్నా అన్నాడు, కళ్లనిండా నీళ్లు.

షాపులో చేరిన కొత్తల్లో ఒకడు కండోమ్ అడిగితే ఎవరికిరా అన్నా నేను. ఏమీ కొనకుండా పోయాడు. ఆ పిల్లోడి మొహం ఇప్పటికీ గుర్తే, అప్పట్నుంచి ఎవర్నీ ఆ మాట అడగలేదు, ప్యాకెట్లు కూడా ముందు ర్యాక్‌లోకే మార్చా.

మీ తమ్ముడికి ఇవి చెప్పండి. కండోమ్ ఒక్కటే గర్భాన్నీ జబ్బుల్నీ రెంటినీ ఆపేది, పర్సులో, మన ఎండకి బండి డిక్కీలో నెలల తరబడి పెడితే పాడైపోద్ది, కొబ్బరినూనె తగిలితే చిరిగిపోద్ది, రెండు కలిపి వేసుకోకూడదు. గవర్నమెంటాసుపత్రిలో నిరోధ్ అనే గవర్నమెంటు కండోమ్ ఫ్రీగానే ఇస్తారు, 1968 నుంచీ ఉంది అది. అబార్షన్ బిళ్లలు మాత్రం డాక్టర్ చూడకుండా ఎవరిదగ్గరా కొననీయొద్దు, బ్లీడింగ్ ఆగక ప్రాణం మీదకొస్తది, 18 దాటిన అమ్మాయికి ఆసుపత్రిలో అబార్షన్‌కి తన సంతకం ఒక్కటే చాలు, పెళ్లి కాకపోయినా సరే. 18 లోపు అమ్మాయితో కలిస్తే తనకి ఇష్టమే అన్నా చట్టం ఒప్పుకోదు, పిల్లల మీద లైంగిక నేరాలకి 2012 పోక్సో చట్టం ఉంది, అదీ చెప్పాలి.

మీకు నోరు రాకపోతే బావగారితో చెప్పించండి. అదీ కుదరదంటే, కావలి చుట్టుపక్కలే అయితే నా దగ్గరకి పంపండి, పేరు కూడా అడగను.