ఫోల్డర్ పేర్లో స్పేస్ ఉంటే కోట్స్ పెట్టరా చిన్నా

చిన్నా,

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా. నీ స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) నడిపితే అమీర్‌పేట, కూకట్‌పల్లి ఫోల్డర్లు చక్కగా కాపీ అయ్యాయి, బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ మాత్రం రాలేదు, సర్వర్ పాడైందేమో అన్నావు. సర్వర్ బాగానే ఉంది. ఆ ఎర్రర్ మళ్ళీ చదువు, 'బంజారా' లేదని ఒక లైను, 'హిల్స్' లేదని ఇంకో లైను ఉంటాయి. పేరు రెండు ముక్కలైపోయింది.

ముక్కలు చేసింది కాపీ చేసే సీపీ కమాండ్ కాదు, షెల్, అంటే మనం కొట్టిన కమాండ్లని చదివి నడిపించే ప్రోగ్రామ్. ఎంటర్ కొట్టగానే లైను మొత్తం ముందు షెల్ చేతికి వెళ్తుంది, అది స్పేస్ ఉన్న చోటల్లా కోసి ఆ ముక్కల్ని కమాండ్‌కి అందిస్తుంది, కాబట్టి అసలు పేరేంటో సీపీకి తెలిసే దారే లేదు. వేరియబుల్‌కీ, అంటే పేరు దాచుకునే డబ్బాకీ, ఇదే గతి. ఫోల్డర్ పేరు డి అనే వేరియబుల్‌లో ఉందనుకో, $డి అని ఉత్తగా రాస్తే బాష్ అనే షెల్ అందులోని పేరు బయటికి తీసి మళ్ళీ కోస్తుంది. ఎక్కడ కోయాలో చెప్పేది ఐఎఫ్‌ఎస్ అనే ఇంకో వేరియబుల్, మామూలుగా అందులో స్పేస్, ట్యాబ్, కొత్త లైను ఉంటాయి. "$డి" అని డబుల్ కోట్స్‌లో పెట్టావంటే ఇక ముట్టుకోదు. (ఫోన్లో కదా, కమాండ్లు తెలుగులోనే కొడుతున్నా, నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో వేసుకో.)

మరి నా మ్యాక్ టెర్మినల్‌లో కొడితే పనిచేసిందిగా పిన్నీ అంటావు. మ్యాక్‌లో 2019లో వచ్చిన కెటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్, అది కోట్స్ లేని వేరియబుల్‌ని కోయదు. సర్వర్‌లో ఉన్నది బాష్, కోస్తుంది. తేడా అక్కడే వచ్చింది.

నీది కాపీ కాబట్టి ఎర్రర్‌తో పోయింది. నాది డిలీట్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసులో 'పాత బిల్లులు' అనే ఫోల్డర్ తీసేయడానికి స్క్రిప్ట్ రాశాను, ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ $డి అని, ఆర్‌ఎమ్ అంటే డిలీట్ చేసే కమాండ్, కోట్స్ లేవు. పక్కనే 'బిల్లులు' అని ఇంకో ఫోల్డర్ ఉంది, రోజూ వాడేది. షెల్ 'పాత', 'బిల్లులు' అని రెండు పేర్లు ఇచ్చింది. 'పాత' అనేది లేకపోయినా ఏమీ అడక్కుండా తీసెయ్యమనే ఎఫ్ పెట్టాను కాబట్టి ఆర్‌ఎమ్ కిక్కురుమనలేదు, 'బిల్లులు' మొత్తం తుడిచేసింది, పోవాల్సిన 'పాత బిల్లులు' మాత్రం అలాగే ఉంది. ముందు రోజు రాత్రి బ్యాకప్ ఉండబట్టి బతికాం, కానీ ఆ రోజు బిల్లులన్నీ ఇద్దరు కూర్చుని రాత్రి పదిన్నర దాకా మళ్ళీ ఎక్కించారు. వాళ్ళ మొహాలు నాకింకా గుర్తే.

పెద్ద కంపెనీలకీ జరిగింది. 2001లో ఆపిల్ ఐట్యూన్స్ 2 ఇన్‌స్టాలర్ స్క్రిప్ట్‌లో కోట్స్ లేకపోవడంతో, డిస్క్ పేర్లలో స్పేస్ ఉన్న కొందరి డేటా తుడిచిపెట్టుకుపోయింది, వెంటనే 2.0.1 విడుదల చేయాల్సి వచ్చింది.

అందుకని, డిలీట్ చేసే లైను ఏదైనా సరే, ముందు ఆర్‌ఎమ్ బదులు, ఇచ్చింది తెరమీద చూపించే ప్రింట్‌ఎఫ్ '<%ఎస్>\ఎన్' పెట్టి నడుపు, ఒక్కో ముక్కా బ్రాకెట్లలో విడిగా కనిపిస్తుంది. అలా చూపించే ఇంకో కమాండ్ ఎకో చాలదు, అది ముక్కల మధ్య మళ్ళీ స్పేస్ పెట్టి అతికించి చూపిస్తుంది, నువ్వు మోసపోతావు. సింగిల్ కోట్స్‌లో డాలర్ పనిచేయదు, వేరియబుల్‌కి డబుల్ కోట్సే. చేత్తో కొట్టేటప్పుడు రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కు, బ్యాక్‌స్లాష్ అదే పెట్టుకుంటుంది. ~ గుర్తుని కోట్స్ లోపల పెట్టకు, హోమ్ ఫోల్డర్ అని షెల్‌కి అర్థం కాదు, ~/"బంజారా హిల్స్" అని రాయి. ఒక్కో ఫోల్డర్‌కీ అదే పని తిరిగి చేసే లూప్‌లో, పేర్ల జాబితా ఇచ్చే $(ఎల్ఎస్) వద్దు, 'అన్నీ' అని అర్థమిచ్చే ఉత్త * చాలు, దాంతో వచ్చిన పేర్లను షెల్ కోయదు. ఫైళ్ళు వెతికే ఫైండ్‌ని, ఆ పేర్లని ఇంకో కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కి కలిపితే ఫైండ్‌కి -ప్రింట్0, ఎక్స్‌ఆర్గ్స్‌కి -0 రెండూ పెట్టాల్సిందే, ఎందుకంటే లైనక్స్‌లో పేరులో స్లాష్, నల్ (కనిపించని సున్నా గుర్తు, ఆ రెండు ఆప్షన్లూ పేర్లని విడదీసేది దీంతోనే) తప్ప ఏదైనా ఉండొచ్చు, కొత్త లైను కూడా. షెల్‌చెక్ అనే టూల్ ఉంది, మరిచిపోయిన కోట్స్‌ని అది పట్టిస్తుంది.

సాయంత్రం స్క్రిప్ట్ మళ్ళీ నడిపే ముందు టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్ళి అక్కడే 'జూబ్లీ హిల్స్' అని ఒకటి, 'హిల్స్' అని ఒకటి ఖాళీ ఫోల్డర్లు చేసి, 'జూబ్లీ హిల్స్' ఒక్కదాన్నే కాపీ చేయించి చూడు. దాని బదులు 'హిల్స్' వచ్చిందంటే ఎక్కడో కోట్ మిస్సయినట్టే. అప్పుడు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.

పిన్ని