దుఃఖంలో ఏ భక్తి పుస్తకం తెరవాలి? పెద్దమ్మ ఉత్తరం

ప్రభువునందు ప్రియమైన చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి బైబిల్ తెరిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ మాట వినిపించడం లేదన్నావు. మోకరిస్తే ఏడుపైనా రావడం లేదన్నావు. ఓదార్పు కోసమని సంఘంలో వాళ్లు తెచ్చిచ్చిన పాత భక్తి పుస్తకాలు బల్ల మీద పేరుకుపోయాయనీ, ఒక్కోదాంట్లో నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేస్తున్నాననీ రాశావు. వాటిని చూస్తేనే టెన్షన్‌గా ఉందన్నావు. ఉండదా మరి? ఓదార్పు కూడా పూర్తి చెయ్యాల్సిన పనిలా కనిపిస్తుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఆ దొంతర తీసి బీరువాలో పెట్టు. ప్రస్తుతానికి ఒక్కటే ఉంచుకో, ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ తన బతుకు గురించి దేవునితో చెప్పుకుంటూ రాసిన ‘కన్ఫెషన్స్’. సుమారు 400వ సంవత్సరం నాటికి పూర్తయిన పుస్తకం. 13 భాగాలుంటాయి. మొదటి పేజీ నుంచి చదవాలన్న నియమం ఏమీ పెట్టుకోకు. తిన్నగా తొమ్మిదో భాగం చివరికి వెళ్లు. అక్కడ ఆయన తల్లి మోనికా మరణం ఉంది.

387లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాక, తల్లితో కలిసి ఆఫ్రికాకు తిరుగు ప్రయాణమయ్యాడు. రోమ్ దగ్గరి ఓస్తియా రేవులో ఉండగా ఆమెకు జ్వరం వచ్చి చనిపోయింది. అప్పుడు ఆమెకు 56వ ఏడు, ఆయనకు 33వ ఏడు నడుస్తున్నాయి. తల్లి కళ్లు తన చేతులతోనే మూశాడు. దుఃఖం పొంగుకొస్తున్నా బలవంతాన అణచుకున్నాడు. విశ్వాసురాలు ప్రభువు దగ్గరికి వెళ్తే ఏడవడం తగదనుకున్నాడు. ఆయన కొడుకు గట్టిగా ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్లు వాడి నోరు మూయించారు. సమాధి దగ్గర కూడా ఆయన కంట నీరు రాలేదు. స్నానం చేస్తే మనసు తేలికపడుతుందని ఎవరో చెప్పగా విని స్నానానికి వెళ్లాడు. తేలికపడలేదు! నిద్రపోయి లేచాక, ఒంటరిగా పడుకుని ఉండగా, మిలాన్ బిషప్ అంబ్రోస్ రాసిన సాయంకాలపు కీర్తన ఒకటి గుర్తొచ్చింది. అప్పుడు తల్లి గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చాడు. ఇన్నాళ్లూ నా కోసం ఏడ్చిన తల్లి కోసం గంటలో కాసేపు ఏడ్చానని ఎవరైనా నన్ను తప్పుపడితే, నవ్వకుండా నా పాపాల కోసం దేవుని ముందు ఏడవండి అని రాసుకున్నాడు.

నీకు ఏడుపు రావడం లేదన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. అంత పెద్ద వేదాంతి, బిషప్ అయ్యాక కూర్చుని రాస్తూ, ఆ రోజు తన మొండితనాన్నీ స్నానాన్నీ కూడా దాచుకోలేదు. పాత పుస్తకాల్లో నాకు నచ్చేది అదే. దుఃఖంలో ఉన్నవాణ్ణి తొందరపెట్టవు. ఈ కాలపు ఓదార్పు పుస్తకాలు కొన్ని మూడో పేజీకల్లా మనల్ని నవ్వించాలని చూస్తాయి, నాకు ఒళ్లు మండుతుంది.

అది అయ్యాక వెనక్కి, నాలుగో భాగానికి వెళ్లు. అందులో ఆయన యౌవనంలో ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకున్న సంగతి ఉంది. అప్పటికి ఆయన విశ్వాసి కాడు. ‘దేవునియందు నిరీక్షణ ఉంచు’ అని తన ప్రాణానికి చెప్పుకుంటే అది మాట వినలేదట. అప్పుడు తాను ఊహించుకున్న దేవుడు ఉత్త భ్రమ, పోయిన స్నేహితుడు అంతకంటే నిజం, ఎలా వింటుంది అంటాడు. ఈ రెండు మరణాలనూ పక్కపక్కన పెట్టి చదువు. ఏడుపు రెండిట్లోనూ ఉంది. ఎవరి ముందు ఏడ్చాడన్న దగ్గర తేడా వచ్చింది. ఆత్మీయ ఎదుగుదల అని మనం ఊరికే అంటుంటామే, అది ఏమిటో నాకు ఈ రెండు భాగాల మధ్య కనిపించినంత స్పష్టంగా ప్రసంగాల్లో కనిపించలేదు.

ఎలా చదవాలని అడిగావు. 12వ శతాబ్దంలో రెండో గీగో అనే సన్యాసి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో ఊరకుండడం. చదవడమంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, చివరి మెట్టులో ఆ తీపే మిగులుతుంది అన్నాడు. ఆయన మనసులో ఉన్నది లేఖనాలే గానీ ఈ పుస్తకాలకూ అదే పద్ధతి పనికొస్తుంది. పేజీలు లెక్కపెట్టకు. ఒక వాక్యం దగ్గర మనసు ఆగితే అక్కడే పుస్తకం మూసెయ్. ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో చేత్తో రాసుకుని, దాన్ని నీ మాటల్లో దేవునికి చెప్పు. ఏ వాక్యమూ ఆపకపోతే ఓ పది నిమిషాలు చదివి లేచిపో, దిగులుపడకు. ఎక్కడైనా కోపం వస్తే అదీ రాసుకో. కోపం తెప్పించిన చోటికి కొన్ని నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూడు. ఒక్కోసారి నీదే తప్పని తెలుస్తుంది, ఒక్కోసారి ఆ రచయితదే.

అమ్మ సంగతి ఒకటి అడిగావు, దాన్ని దాటేసి పోలేను. అంత విశ్వాసంగా బతికిన మనిషి ఆఖరి రోజుల్లో ఎందుకు భయపడిందన్నావు. అగస్టీన్ అయ్యాక జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణము’ తీసి, మొదటి భాగం ముగింపు చదువు. ప్రభుత్వ అనుమతి లేకుండా వాక్యం ప్రకటించాడని ఇంగ్లండులో బన్యన్‌ను 1660లో పట్టుకుని పన్నెండేళ్లు జైల్లో ఉంచారు. పుస్తకం 1678లో అచ్చయింది. కథలో క్రైస్తవుడు అనే యాత్రికుడు పరలోక పట్టణం ఎదుటికి వచ్చేశాడు, మధ్యలో నది ఒక్కటే అడ్డం. అన్ని శోధనలూ దాటి వచ్చిన ఆ మనిషి నీళ్లలో దిగగానే మునిగిపోతున్నానని కేకలు పెడతాడు. కళ్లకు చీకటి కమ్ముతుంది, పాత పాపాలు గుర్తొస్తాయి. పక్కనున్న నిరీక్షణ అనే తోటి యాత్రికుడు అతని తల నీళ్లపైకి ఎత్తి పట్టుకుంటాడు. నాకు అడుగు తగులుతోంది, గట్టిగానే ఉంది అంటాడు. ఈ బాధ దేవుడు నిన్ను విడిచిపెట్టాడనడానికి గుర్తు కాదని చెబుతాడు. ఇద్దరూ ఒడ్డు చేరతారు. భయపడినవాడికి అవతల వేరే ద్వారమేమీ లేదు. అమ్మ తల పట్టుకుని కూర్చున్నది నువ్వే కదా తల్లీ.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ దొంతరలో థామస్ ఎ కెంపిస్ ‘క్రీస్తును అనుకరించుట’ ఉందన్నావు. 15వ శతాబ్దపు పుస్తకం, నాకు చాలా ఇష్టం. ప్రొటెస్టెంటు అయిన జాన్ వెస్లీ కూడా 1735లో దాన్ని ఇంగ్లీషులో తెచ్చాడు కాబట్టి, మఠంలో పుట్టిన పుస్తకం మనకెందుకని ఎవరన్నా అంటే పట్టించుకోకు. అయితే మొదటి భాగం ఇప్పుడు ముట్టుకోకు. మనుషుల మీద ప్రేమ పెంచుకోవద్దు, మరణాన్ని రోజూ తలచుకో అని కఠినంగా సాగుతుంది. నిబ్బరంగా ఉన్నవాళ్లకు అది మందు, నీకిప్పుడు కారం. మూడో భాగంలో ప్రభువూ శిష్యుడూ మాట్లాడుకుంటారు, కావాలంటే అక్కడ మొదలుపెట్టు. కాస్త బలం వచ్చాక రెండో భాగం పదకొండో అధ్యాయం చూడు. రొట్టె విరిచేదాకా యేసు వెంట వచ్చేవాళ్లు చాలామంది, శ్రమల గిన్నె తాగేదాకా వచ్చేవాళ్లు కొద్దిమంది అంటాడు. ఓదార్పు కోసమే దేవుణ్ణి వెదుకుతున్నామా అని అది మనల్ని నిలదీస్తుంది. ఆ ప్రశ్నకు తొందరేమీ లేదు.

‘ఎడారిలో సెలయేర్లు’ లాంటి రోజుకో పేజీ పుస్తకాలు అలసిన రోజుకు మంచివే. కౌమన్‌గారమ్మ దాన్ని ఏళ్ల తరబడి జబ్బుపడిన భర్తకు సేవ చేస్తూ కూర్చింది. 1924లో ఆయన పోయారు, 1925లో పుస్తకం వచ్చింది. కొన్ని తేదీలు తప్పితే తప్పిపోనీ. వెనక్కి వెళ్లి బాకీలు తీర్చకుండా ఈ రోజు పేజీ తెరువు.

కార్డుల మీద అచ్చేసే ఒంటి వాక్యాలతో కూడా జాగ్రత్త. ఇంగ్లండు భక్తురాలు నోరిచ్ జూలియన్ రాసిన ‘అంతా మేలే అవుతుంది’ అన్న మాట నీకూ పంపే ఉంటారు. 1373లో చావు అంచుదాకా వెళ్లిన మనిషి ఆమె, చిన్నప్పుడు మహా ప్లేగును చూసిన తరం. పాపాన్ని మొదట్లోనే ఎందుకు ఆపలేదని బాధపడుతున్నప్పుడు ప్రభువు ఇచ్చిన జవాబుగా ఆమె ఆ మాట రాసింది. అంతటితో ఊరుకోలేదు, అదెలా సాధ్యమని మళ్లీ అడిగింది. ఆ ప్రశ్నలు తీసేసి జవాబొక్కటే పంపితే ఏం లాభం?

ఈ పుస్తకాలేవీ వాక్యానికి బదులు కావు, రాసినవాళ్లే ఒప్పుకోరు. అగస్టీన్ పేజీ పేజీలోనూ కీర్తనలే పలుకుతాడు. బైబిల్ మూగబోయినట్టున్న ఈ రోజుల్లో రోజుకో కీర్తన పైకి చదువు, అర్థమయినా కాకపోయినా. 88వ కీర్తనను మరిచిపోకు, అది చీకట్లోనే ముగుస్తుంది, అయినా బైబిల్లో దానికి చోటుంది.

నిద్ర పట్టక, తిండి సహించక వారాలు గడుస్తుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లు. పుస్తకం ఉంది కదా అని ఆగకు.

తొమ్మిదో భాగం అయ్యాక ఏ వాక్యం దగ్గర ఆగావో రాయి. బీరువాలో పెట్టినవి అప్పటిదాకా తియ్యకు.

నీ పెద్దమ్మ